డెబ్భై ఎనిమిది సీట్లు

1 మార్చి 2017, బుధవారం

నిన్నటితో ఎయిర్ కోస్టా విమానాలు ఆగిపోయాయి. రాత్రి షిఫ్టంతా హ్యాంగర్‌లో ఇదే మాట. విజయవాడ కేంద్రంగా ఒక ఎయిర్‌లైన్, అదీ జెట్లు నడిపే ఎయిర్‌లైన్ వచ్చిందని మనవాళ్లం పొంగిపోయింది 2013 అక్టోబరులో. గట్టిగా మూడున్నరేళ్లు కాలేదు. బ్రెజిల్ కంపెనీ ఎంబ్రేయర్ తయారుచేసిన విమానాలు. అటు రెండు సీట్లు, ఇటు రెండు సీట్లు. ఇద్దరి మధ్య ఇరుక్కుని కూర్చునే బాధ ఎవరికీ లేదు. 2014 ఫిబ్రవరిలో సింగపూర్ ఎయిర్‌షోలో 50 కొత్త తరం ఎంబ్రేయర్లకు ఆర్డరిచ్చారంటే, గన్నవరం నుంచి ఇంత పెద్ద కల కనేవాడు ఒకడు బయల్దేరాడని సంబరపడ్డాను. వాటిలో ఒక్కటీ రాకముందే అంతా ముగిసింది.

విమానాలు అద్దెకిచ్చినవాళ్లతో బకాయిల పేచీ అని వార్త. నిజమే కావచ్చు. కానీ పేచీ వచ్చే దాకా ఎందుకు వెళ్లిందో చూడాలి. మన దేశంలో చట్టం చిన్న విమానానికి రెండు గీతలు గీసింది. గరిష్ఠ టేకాఫ్ బరువు 40,000 కిలోలలోపు ఉంటే దాని ఇంధనం మీద రాష్ట్రాల పన్ను నాలుగైదు శాతం దాటదు. 80 సీట్లలోపు ఉంటే ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ విమానాశ్రయాల్లో ల్యాండింగ్ చార్జీ లేదు. కోస్టా దగ్గరున్న ఎంబ్రేయర్ 170కి 67 సీట్లు, బరువు 40,000 లోపే. రెండు గీతలకూ లోపలే ఉంది. ఎంబ్రేయర్ 190కి 112 సీట్లు, బరువు 47,000 పైమాటే. రెండిటికీ బయట. అది చెన్నైలో ఇంధనం నింపుకుంటే తమిళనాడు పన్ను 29 శాతం. బయటికి రెండూ అక్కాచెల్లెళ్లలా కనిపిస్తాయి గానీ ఇంజన్లే వేరు. ఒకదానికి సీఎఫ్34-8, ఇంకోదానికి సీఎఫ్34-10. స్పేర్లు వేరుగా పెట్టుకోవాలి. నాలుగైదు విమానాలతో రెండు రకాలు నడపడం ఎంత కష్టమో మా పనిలో ఉన్నవాళ్లకు తెలుసు. ఒక స్టార్టర్ దొరక్క ఒక విమానం ఆగితే ఆ రోజు టైం టేబుల్‌లో పావు వంతు పోయినట్టే.

మదురై వాళ్ల పారమౌంట్ కూడా ఇలాగే 2005లో ఎంబ్రేయర్లతో వచ్చింది. గీత లోపలే ఉండే 170, 175లు తెచ్చుకుంది. అదీ 2010కల్లా కనుమరుగైంది.

జెట్ మీద మనకున్న మోజు గురించి ఇంకా రాయాలి. ఇవాళ నిద్ర వస్తోంది.

27 ఏప్రిల్ 2017, గురువారం

ఇవాళ ప్రధాని సిమ్లాలో ఉడాన్ ప్రారంభించారు. సిమ్లా నుంచి ఢిల్లీకి ఒకటి. అదే వేళకి కడప–హైదరాబాద్, నాందేడ్–హైదరాబాద్ ట్రూజెట్ విమానాలు. ట్రూజెట్ మన హైదరాబాద్ సంస్థే. అన్నీ ఏటీఆర్ 72లే, ప్రొపెల్లర్ బళ్లు.

పథకం మామూలు మనిషికి అర్థమయ్యేలా ఉంది. గంట ప్రయాణానికి 2,500 రూపాయలు. విమానంలో సగం సీట్లు ఆ ధరకి. వచ్చే నష్టాన్ని మూడేళ్లపాటు ప్రభుత్వం పూడుస్తుంది. ఆ మూడేళ్లూ ఆ రూటులో పోటీ ఉండదు. పూడ్చే డబ్బు కోసం పెద్ద నగరాల మధ్య తిరిగే విమానాల మీద ఒక్కో ట్రిప్పుకి 8,500 రూపాయల దాకా సుంకం వేశారు. ఢిల్లీ–ముంబయి ప్రయాణికుడు కడప ప్రయాణికుడికి ఓ చేయి వేస్తున్నాడన్నమాట. నాకిది న్యాయంగానే ఉంది. పెద్ద ఎయిర్‌లైన్లు కోర్టుకెక్కాయి. ఎక్కనీ.

పౌర విమానయాన మంత్రి మన విజయనగరం అశోక్ గజపతిరాజు గారు. ఆయన హయాంలో ఇది జరగడం సంతోషం. మూడేళ్ల తర్వాత ఏమవుతుందన్నదే నా భయం. ఒకప్పుడు చిన్న ఊళ్లకి తిరిగిన వాయుదూత్ గుర్తుకొస్తోంది. చిన్నప్పుడు నాన్న సైకిల్ మీద మా రాజమండ్రి విమానాశ్రయం ఉన్న మధురపూడి తీసుకెళ్తే కంచె బయట నిలబడి డోర్నియర్ చూసేవాణ్ని. పంతొమ్మిది సీట్ల బుల్లి విమానం. అది రావడం మానేశాక ఎన్నో ఏళ్లు ఆ కంచె లోపల గడ్డి తప్ప ఏమీ కదల్లేదు. ఊరికి విమానం రావడం ఒక ఎత్తు, వచ్చింది నిలబడడం ఒక ఎత్తు.

10 మే 2017, బుధవారం

ఇండిగో నిన్న ఫలితాలతో పాటు చెప్పిన మాట మా హ్యాంగర్‌ని కుదిపేసింది. ఏటీఆర్ 72-600లు యాభై దాకా కొంటారట!

ఇది చిన్న విషయం కాదు. 2006 ఆగస్టులో మొదలైనప్పటి నుంచి ఆ సంస్థకి ఒకే మంత్రం, ఏ320. పైలెట్ ఎవరైనా ఏ విమానమైనా నడపగలడు. మాలాంటి ఇంజనీర్‌కి ఒక్క టైప్ లైసెన్సు చాలు. స్టోర్‌లో ఒకే రకం టైర్లు, ఒకే రకం బ్రేకులు. ఉదయం ఢిల్లీలో ఒకటి చెడిపోతే పక్కనున్నది తెచ్చి పెట్టేస్తారు, ప్రయాణికుడికి తెలియను కూడా తెలియదు. చౌక టికెట్ పుట్టేది ఇక్కడే. అమెరికాలో సౌత్‌వెస్ట్ నేర్పిన పాఠం ఇది. 2011లో ఎయిర్‌ట్రాన్‌ని కొన్నప్పుడు దాంతోపాటు వచ్చిన బోయింగ్ 717లను కూడా ఉంచుకోకుండా డెల్టాకి ఇచ్చేశారు వాళ్లు. రెండో రకం వద్దంటే వద్దన్నారు.

మరి ఇండిగో ఎందుకు గీత దాటుతోంది? నాకు తోచిన జవాబు, పెద్ద ఊళ్లు అయిపోయాయి. ఏ320లో 180 సీట్లు. రాజమండ్రి నుంచి హైదరాబాద్‌కి పొద్దున్నే 180 మంది ఎక్కడ దొరుకుతారు? దొరికినా దిగే చోటేది? మధురపూడి రన్‌వే 1,749 మీటర్లు. ఏటీఆర్‌కి ధారాళంగా సరిపోతుంది. నిండుగా ఉన్న ఎయిర్‌బస్‌ని అక్కడికి పంపరు.

సీటు లెక్కన చూస్తే చిన్న విమానం ఖరీదే. ఇద్దరు పైలెట్ల జీతం 180 మంది మీద పంచడానికీ ఏటీఆర్‌లోని 78 మంది మీద పంచడానికీ తేడా ఉండదా? కానీ ట్రిప్పు లెక్కన చూడాలి. 60 మంది ఎక్కితే ఏ320కి అది నష్టాల ట్రిప్పు, ఏటీఆర్‌కి మంచి రోజు. 78 అన్న అంకె కూడా ఊరికే రాలేదు. 80 దాటితే ల్యాండింగ్ చార్జీ మినహాయింపు పోతుంది. ప్రతి 50 సీట్లకీ ఒక ఎయిర్‌హోస్టెస్ ఉండాలన్న నియమంతో ఇద్దరితో సరిపోతుంది. బరువు ఇరవై మూడు వేల కిలోలు, అంటే ఇంధనం పన్ను గీతకి ఎంతో లోపల. కోస్టా 190 దగ్గర ఏం పోగొట్టుకుందో అదంతా ఇక్కడ ముందే లెక్కేసి పెట్టారు.

జెట్లే తేవచ్చు కదా అన్నాడు కొత్తగా చేరిన కుర్రాడు. వాడికి కాగితం మీద చూపించాను. హైదరాబాద్ నుంచి రాజమండ్రి గాల్లో 360 కిలోమీటర్లు. ఏటీఆర్ గంటకి 500 కిలోమీటర్ల వేగం. జెట్ 800. కానీ ఇంత దగ్గర దూరంలో జెట్ పైకెక్కడానికీ కిందికి దిగడానికీ టైమంతా పోతుంది. మిగిలేది పావుగంట. ఆ పావుగంట కోసం కాల్చే ఇంధనం చాలా ఎక్కువ. దూరం ఎనిమిది వందలు, వెయ్యి కిలోమీటర్లు అయితే మాట మారుతుంది. అప్పుడు ఎంబ్రేయర్ లాంటిదే కావాలి. మా వాళ్లలో చాలామంది ప్రొపెల్లర్ అంటే పాతకాలం బండి అనుకుంటారు. ఏటీఆర్ ఆరు రెక్కల ప్రొపెల్లర్ బ్లేడు చేత్తో తడిమి చూసినవాడెవడూ ఆ మాట అనడు. పక్షి ఈకంత పలుచటి అంచు, మెలితిరిగిన ఒంపు. ఈ పనిలో ఇన్నేళ్లున్నా దాన్ని చూస్తే నాకు ముచ్చటేస్తుంది.

1 జులై 2017, శనివారం

జీఎస్‌టీ మొదలు. ఎకానమీ టికెట్ మీద ఐదు శాతం. విమాన ఇంధనాన్ని మాత్రం జీఎస్‌టీలో చేర్చలేదు. అంటే రాష్ట్రానికో పన్ను అలాగే ఉంటుంది. ఏటీఆర్ టైప్ కోర్సుకి పేరిచ్చాను.

21 డిసెంబరు 2017, గురువారం

ఇండిగో మొదటి ఏటీఆర్ ఇవాళ హైదరాబాద్ నుంచి మంగళూరు వెళ్లింది. పని లేకపోయినా ఆప్రాన్ మీద నిలబడి చూశాను.

ఏటీఆర్‌కి ఏపీయూ, అంటే నేల మీద కరెంటు ఇచ్చే చిన్న సహాయక ఇంజన్, ఉండదు. నేల మీద ఉన్నప్పుడు కరెంటుకీ ఏసీకీ కుడి ఇంజన్‌నే నడుపుతారు, ప్రొపెల్లర్‌కి బ్రేకు వేసి. ఇంజన్ తిరుగుతుంది, రెక్క తిరగదు. హోటల్ మోడ్ అంటాం. ప్రయాణికులు ఎక్కేది ఎడమ వైపు వెనక తలుపు నుంచి, కాబట్టి ఆ ఇంజన్ వేడి వాళ్లకి తగలదు. ముందు తలుపు సామాన్లకి. చిన్న ఊరి విమానాశ్రయంలో ఏరోబ్రిడ్జి లేకపోయినా, గ్రౌండ్ పవర్ బండి చెడిపోయినా, మెట్ల బండి కూడా లేకపోయినా ఇది తన పని తాను చేసుకుపోతుంది. మెట్లు దాని తలుపులోనే ఉన్నాయి. తూలూజ్‌లో గీసినవాళ్లకి మధురపూడి ఎలా ఉంటుందో తెలిసినట్టే ఉంటుంది నాకు.

ఇదే హైదరాబాద్‌ని కేంద్రంగా పెట్టుకుని 2011లో స్పైస్‌జెట్ క్యూ400లు మొదలుపెట్టింది.  అంతకు ముందు 2003లో ఎయిర్ డెక్కన్ కెప్టెన్ గోపీనాథ్ ఏటీఆర్‌లతోనే చౌక ప్రయాణం మొదలెట్టారు. విజయవాడకి వెళ్లాల్సిన ఆ తొలి విమానం ఇంజన్‌లో హైదరాబాద్‌లోనే మంట లేచింది. లోపల వెంకయ్యనాయుడు గారు ఉన్నారు. ఎవరికీ ఏమీ కాలేదు. మర్నాడు ఇంకెవరైనా అయితే కంపెనీ మూసేసేవారు, గోపీనాథ్ ఊరూరా తిరిగి నడిపారు. ఆ ధైర్యానికి దండం పెట్టాలి.

28 జనవరి 2018, ఆదివారం. రాజమండ్రి

అమ్మకి కంటి ఆపరేషన్ తర్వాత చెకప్. హైదరాబాద్‌లో డాక్టర్‌కి చూపించి, ఇవాళ ఇండిగోలో తీసుకొచ్చాను. ఈ నెలలోనే మొదలయ్యాయి ఇక్కడికి. గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రంతా ప్రయాణం, పై బెర్తు కింద బెర్తు గొడవ ఇప్పుడు లేదు.

అమ్మకి తొంభై శాతం ఇష్టమైంది మెట్లు. ఐదారు మెట్లే. "ఆ పెద్ద విమానానికి మేడెక్కినట్టు ఎక్కాలి కదరా, ఇదైతే మన అరుగంత ఉంది" అంది. లోపల ప్రొపెల్లర్ మోత ఎక్కువగానే ఉంది, రెక్క దగ్గరి వరుసల్లో మరీ. చెవుల్లో దూది పెడతానంటే వద్దంది. రెక్క పైన ఉండడంతో కిటికీలోంచి నేలంతా కనిపిస్తుంది. ధవళేశ్వరం ఆనకట్ట పైకి వచ్చేసరికి నా చేయి పట్టుకుని, "అదుగో మన కాటన్ దొర కట్టింది, ఇక్కణ్నించి చూస్తే ఎంత పొడుగుందో చూడరా" అని పక్క సీటాయనకి కూడా చూపించింది. ఆపరేషన్ అయిన కంటితో ఆవిడ మొదట చూసిన దూరం అదే.

సాయంత్రం కడియం నుంచి బావ వచ్చాడు. నర్సరీ ఆయనది. మొక్కలు లారీల్లోనే పోతాయి, వాటికీ విమానానికీ సంబంధం లేదు. సంబంధం ఆయనకుంది.

"ఏమోయ్, నువ్వు ఈ ఫీల్డులోనే ఉన్నావు కదా, పొద్దున ఏడింటికి ఒకటి, రాత్రి ఏడింటికి ఒకటి వేయించలేవా?"

"నా చేతిలో ఏముంది బావా."

"హైదరాబాద్‌లో పార్టీతో రెండు గంటల పని. దానికోసం రెండు రాత్రులు రైల్లో, ఒక రోజు లాడ్జిలో. పెద్ద విమానం ఒకటి మధ్యాహ్నం వస్తే నాకేం ఉపయోగం? చిన్నవి రెండు రావాలి. గరుడ బస్సు మా ఊరి మీదుగా పోతే ఏం లాభం, పల్లెవెలుగు ఆగితేనే కదా ఎక్కేది."

ఇంత బాగా ఈ విషయం మా ట్రైనింగ్ క్లాసుల్లో ఎవరూ చెప్పలేదు. సీట్లు ఎన్ని అన్నది కాదు, రోజుకి ఎన్నిసార్లు, ఏ వేళకి అన్నదే ఊరికి కావాల్సింది. 180 సీట్లు ఒకసారి వస్తే ఆ ఊరి జనం విమానం టైముకి తమ పని మార్చుకోవాలి. 78 సీట్లు రెండుసార్లు వస్తే వాళ్ల పనికి విమానమే వస్తుంది. చిన్న విమానం కొనడమంటే చిన్న ఊరి మనిషి రోజుకి విలువ కట్టడం. ఇది కంపెనీల బోర్డు రూముల్లో ఎవరైనా ఈ మాటల్లో అనుకుంటారో లేదో గానీ ఫలితం మాత్రం అదే.

11 జులై 2018, బుధవారం

అమెరికా చౌక ఎయిర్‌లైన్ జెట్‌బ్లూ తన ఎంబ్రేయర్ 190లను వదిలించుకోబోతోంది. వాటి బదులు 60 ఎయిర్‌బస్ ఏ220లు. మొన్న మొన్నటి దాకా బొంబార్డియర్ సీ సిరీస్ అని పేరున్న విమానమే అది.

చౌక ఎయిర్‌లైన్ చిన్న జెట్లు తేవడం అనగానే ప్రపంచమంతా చెప్పుకునే ఉదాహరణ జెట్‌బ్లూ. 2003లో దాని స్థాపకుడు డేవిడ్ నీల్‌మన్ వంద ఎంబ్రేయర్ 190లకి ఆర్డరిచ్చాడు, ఇంకో వందకి హక్కు ఉంచుకుని. ఆ మోడల్‌ని మొట్టమొదట నడిపింది వాళ్లే. 2005 నవంబరులో న్యూయార్క్–బోస్టన్ మధ్య మొదలైంది. ఏ320లో 156 సీట్లు నిండని ఊళ్లకి వంద సీట్లతో వెళ్దామన్నది ఆలోచన. ఆలోచన తప్పని నేను అనను. కానీ కొత్త మోడల్‌ని మొదట కొన్నవాడు దాని చిన్నారి రోగాలన్నీ భరించాలి. మెయింటెనెన్స్ ఖర్చు పెరుగుతూ పోయింది. ఇంధనం ధర ఎగబాకింది. వంద సీట్ల జెట్‌కి కావాల్సిన ఇద్దరు పైలెట్లూ, గేటూ, రన్‌వే స్లాటూ 156 సీట్లదానికీ అంతే.

అదే నీల్‌మన్ జెట్‌బ్లూ నుంచి తప్పుకున్నాక తను పుట్టిన బ్రెజిల్‌కి వెళ్లి అజుల్ పెట్టాడు. 2008 చివర్లో ఎగిరింది. అక్కడ కూడా ఎంబ్రేయర్లే, కాకపోతే వాటి కింద ఏటీఆర్‌లు కూడా చేర్చాడు. రన్‌వే చిన్నదైన ఊరికి ఏటీఆర్, దాన్ని దాటి ఎదిగిన ఊరికి ఎంబ్రేయర్, ఇంకా ఎదిగితే ఎయిర్‌బస్. అంతకుముందు ఎవరూ విమానాలు పంపని ఊళ్లు ఆ మెట్ల మీదుగా ఎక్కాయి. ఇండిగోకి మధ్య మెట్టు లేదు. 78 నుంచి ఒక్క గెంతుగా 180. ఆ ఖాళీ ఎప్పటికైనా వాళ్లని ఇబ్బంది పెడుతుందని నా నమ్మకం. తిరుపతి నుంచి అహ్మదాబాద్, విశాఖ నుంచి జైపూర్ లాంటి దూరాలకి ఏటీఆర్ చాలదు, ఏ320 నిండదు. కోస్టా వెతికింది ఆ ఖాళీనే. వెతకడంలో పొరపాటు లేదు. కాలూనడానికి డబ్బు లేకపోయింది, గీతలు అడ్డొచ్చాయి.

ఆ 40,000 కిలోల గీతని 60,000కి జరిపితే? ఈ ప్రశ్నని ఎవరైనా పార్లమెంటులో అడిగితే బాగుండు.

28 మార్చి 2021, ఆదివారం

కర్నూలు ఓర్వకల్లు విమానాశ్రయం నుంచి ఇవాళ విమానాలు మొదలయ్యాయి. బెంగళూరు, విశాఖ, చెన్నై. ఇండిగో ఏటీఆర్‌లే. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారు. కరోనా మధ్యలో, మాకు సగం జీతాలు వచ్చిన ఏడాది తర్వాత ఈ వార్త ప్రాణం లేపింది. కర్నూలు నుంచి విశాఖకి బస్సులో రాత్రంతా ప్రయాణమే. ఇది ఉడాన్ రూటే కాబట్టి మళ్లీ ఆ మూడేళ్ల గడియారం.

15 డిసెంబరు 2024, ఆదివారం. రాజమండ్రి

రన్‌వే ఇప్పుడు 3,165 మీటర్లు. ఈ నెల ముంబయికి, ఆ తర్వాత ఢిల్లీకి ఎయిర్‌బస్‌లు మొదలయ్యాయి. ఊళ్లో పండగలా ఉంది. కడియం, తణుకు, కాకినాడ నుంచి కూడా జనం వచ్చి ఎక్కుతున్నారు. ఏడేళ్లపాటు 78 సీట్ల విమానాలు నిండుతూ వచ్చాయి కాబట్టే ఇది వచ్చింది. ఊరికి విమానం అలవాటు చేసింది ఏటీఆర్. ట్రూజెట్ 2022లోనే ఆగిపోయింది, పాపం. దారి వేసినవాళ్లలో అదీ ఉంది. ఇండిగో దగ్గర ఇప్పుడు ఏటీఆర్‌లు నలభై దాటాయి.

అందరూ ఎయిర్‌బస్ గురించే మాట్లాడుతుంటే నాకు ఒక గుబులు. పెద్దది వచ్చింది కదా అని హైదరాబాద్‌కి తిరిగే చిన్నవాటిలో ఒకటి తీసి దాని బదులు ఒక్క పెద్దది పెడితే? సీట్లు పెరిగాయని కాగితం మీద కనిపిస్తుంది. పొద్దున వెళ్లి రాత్రికి వచ్చే మనిషికి మాత్రం దారి మూసుకుపోతుంది. ముంబయి, ఢిల్లీలకి పెద్దది సరే. హైదరాబాద్, చెన్నైలకి చిన్నవే, కానీ ఎక్కువసార్లు.

బావ ఇవాళ కూడా ఇదే పట్టుకున్నాడు. ఎయిర్‌పోర్ట్ సలహా సంఘానికి చాంబర్ వాళ్లు వినతిపత్రం ఇస్తున్నారట, నన్ను రాసిపెట్టమన్నాడు. రాత్రి కూర్చుని రాశాను. మొదటి కోరిక, హైదరాబాద్ రూటులో పొద్దున ఎనిమిదిలోపు ఒకటి, రాత్రి ఏడు తర్వాత ఒకటి ఏటీఆర్ తప్పనిసరిగా ఉండాలి, ఎయిర్‌బస్ వచ్చినా సరే. రెండోది తిరుపతికి నేరుగా విమానం. మూడోది, 80 నుంచి 120 సీట్ల జెట్లకి కూడా ఇంధన పన్నులో, ల్యాండింగ్ చార్జీలో రాయితీ ఇవ్వమని కేంద్రానికి సిఫారసు. మూడోది సలహా సంఘం పరిధిలోది కాదని చాంబర్ కార్యదర్శి కొట్టేయబోతే ఉంచమని పట్టుబట్టాను. రేపు పదింటికి టైపు చేయిస్తారు.